రోలర్ కడ్డీకి కట్టిన గుడ్డపీలిక

ఎక్కడ ఆపాను? మా తోడికోడలి చెయ్యి రోలర్ కింద పడ్డ దగ్గర కదూ.

కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మేం పనిచేసేది బట్టలుతికే ఫ్యాక్టరీలో. పెద్దాసుపత్రి దుప్పట్లూ గలీబులూ అన్నీ మా దగ్గరికే వస్తాయి. అవతలి హాల్లో ఉతికి నీళ్లు పిండుతారు. ఇవతలి హాల్లో మేం ఇస్త్రీ చేసి మడతపెడతాం. ఇస్త్రీ అంటే ఇంట్లో చేసుకునే ఇస్త్రీ కాదు. మంచమంత పొడుగు ఇనప రోలర్ కాగుతూ తిరుగుతుంటే, ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని దుప్పటిని దాని నోటికి అందిస్తారు. అటువైపు నుంచి పొడిగా, నున్నగా బయటికి రావాలి. ఆ హాలుకి నేను సూపర్వైజర్ని. మా తోడికోడలు ఆ రోలర్ దగ్గర కుడి కొస మనిషి. దాని మొగుడు, అంటే మా మరిది, అవతలి హాల్లో నీళ్లు పిండే డ్రమ్ము నడుపుతాడు. మా అత్తగారు ఆ ఫ్యాక్టరీని మా రెండో పుట్టిల్లంటుంది. మొదటి పుట్టింటికి ఇన్నిసార్లు వెళ్లుంటే మా అమ్మ గుమ్మానికి గడియ పెట్టేసేది.

రోలర్ ముందు ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. వేళ్లు దానికి తగిలితే మిషను టక్కున ఆగిపోవాలి. ఆ రోజు ఆగలేదు. కడ్డీని ఒక గుడ్డపీలికతో పైకి లాగి కట్టేశారు మరి. కట్టిందెవరంటే అందరూ. నేను విప్పుతాను, అటు తిరిగేసరికి మళ్లీ కడతారు. విప్పీ విప్పీ నా గోళ్లు అరిగాయి తప్ప ఆ పీలిక మాత్రం అరగలేదు.

ఇక నేల మీది గీత సంగతి. గేటు లోపల నేల మీద పసుప్పచ్చ గీత ఒకటుంది. ఏదైనా పొరపాటు జరిగితే, చేసినవాళ్లు పొద్దున్న మీటింగులో ఆ గీత మీద నిలబడి "తప్పు నాదే" అనాలి. అలా అంటే ఉద్యోగం ఉంటుంది, ఎవరూ మళ్లీ ఆ మాట ఎత్తరు. అనకపోతే ఇంటికి పంపేస్తారు. ఫ్యాక్టరీ పెట్టిన పెద్దావిడ దయతో చేసిన ఏర్పాటు అది. అంతకుముందు దుప్పటి చిరిగినా మనిషిని గెంటేసేవారట. ఆవిడ పోయింది, గీత ఉండిపోయింది. ఏటేటా దానికి రంగు కూడా వేయిస్తారు.

పోయిన వారం నేను చేసిన నిర్వాకం ఏమిటంటే, మా తోడికోడలు గీత మీద నిలబడదని మేనేజరు మొహం మీదే చెప్పేశాను. ఆయన పాపం అరిచే మనిషి కాదు. చేతిలో టీ కప్పు ఎప్పుడూ ఉంటుంది, అది ఎప్పుడూ చల్లారిపోయే ఉంటుంది. సోమవారం దాకా చూస్తానన్నాడు. ఆమె కాకపోతే ఇంకెవరిదో పేరు చెప్పమన్నాడు, రెండూ కాకపోతే తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. అలా అంటూ చేతిలో ఉన్న కప్పుకేసే చూసుకున్నాడు.

అదిగో, అసలు ఆపింది అక్కడ.

శనివారం ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఒక్క ముక్క అనేసి బయటపడేదానికి ఎందుకింత రాద్ధాంతం అని మా అత్తగారు గోడతో చెప్పింది, నాకు వినపడేలా. మా ఆయన టీవీ ముందు నుంచి కదలకుండా "నీకెందుకే ఇవన్నీ" అన్నాడు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన నాకిచ్చిన సలహా ఇదొక్కటే. మా తోడికోడలు కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. వేళ్లు ముడుచుకోవడం కష్టమేనని, రెండు మూడు నెలలు పోతేగానీ తెలియదని డాక్టరు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా నా వెనకాలే నడిచిన పిల్ల, జడ వేసుకోవడానికి కూడా నన్ను పిలవలేదు.

నిజం చెప్పొద్దూ, నాక్కూడా విసుగేసింది. దాన్ని కాదు, ఫ్యాక్టరీని కాదు, నన్ను చూసుకుని. వయసు పైబడుతోంది. మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఒక్క ఆదివారం కాళ్లు చాపుకుని పడుకుందామనుకుంటే బుర్ర ఊరుకోదు. కడ్డీని ఎందుకు కట్టారు? దుప్పట్లు తడిగా వస్తున్నాయి గనక. తడి దుప్పటి ముద్దలా వచ్చి కడ్డీకి తగులుతుంది, మిషను ఆగుతుంది, మాటిమాటికీ ఆగితే పని తెమలదు. సరే, తడిగా ఎందుకు వస్తున్నాయి? దీనికి జవాబు చెప్పాల్సింది మా మరిది. అక్కడికొచ్చేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఆదివారం పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆదివారాలు ఉతికే హాలు ఒక్కటే నడుస్తుంది. మా మరిది డ్రమ్ము పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. డ్రమ్ము తిరగడం మొదలైంది, వేగం అందుకుంది. అసలు పిండే వేగం అందుకోబోతుండగా అతను చెయ్యి చాపి ఆపేశాడు. దుప్పట్లు నీళ్లోడుతూ ట్రాలీలోకి పడ్డాయి.

ఎందుకు ఆపావని అడిగాను. రెండోసారి కూడా అడిగాను. అప్పుడు వంగి, డ్రమ్ము కాలి దగ్గర నేల చూపించాడు. బోల్టుల చుట్టూ సిమెంటు పగిలిపోయి ఉంది. పూర్తి వేగం అందుకుంటే డ్రమ్ము మొత్తం ఊగిపోతుందట, ఒకసారి జానెడు పక్కకి జరిగి కూర్చుందట. ఊడి మీద పడితే ఎవరూ మిగలరని భయపడి, అప్పట్నుంచి మధ్యలోనే ఆపేస్తున్నాడు. నేల సంగతి మేనేజరుకి చెప్పాడట, ఆయన సరే చూద్దామన్నాడట, అంతే. డ్రమ్ము మధ్యలో ఆపుతున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే గీత మీద నిలబడాలి.

"వదినా, తడి దుప్పటికీ దాని చేతికీ సంబంధం ఉందని నాకు ఆ రోజే తెలిసింది," అన్నాడు. "దానికి మాత్రం చెప్పకు. నా మొహం చూడదు."

ఏమనను? అతన్ని తిట్టాలని వచ్చాను. కళ్లకింద అంతంత నల్లటి చారలు పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ మనిషిని చూశాక తిట్టు నోట్లోనే ఆగిపోయింది. నేల ఎందుకు పగిలిందని మాత్రం అడిగాను. బరువని చెప్పాడు. మోయాల్సిన దానికన్నా ఎక్కువ వేస్తున్నారట, ఏడాదిగా మూటలు పెరుగుతూనే ఉన్నాయట. ఆసుపత్రిలో మంచాలు పెరిగాయా అంటే, అదేం లేదు, అవే మంచాలన్నాడు.

మంచాలు పెరగకుండా దుప్పట్లు ఎలా పెరుగుతాయి?

చేతులకి తొడుగులు వేసుకుని మురికి గదిలోకి వెళ్లాను. అప్పుడే వ్యాను దిగిన మూటలు కుప్పగా పడి ఉన్నాయి. ఆ గది వాసన గురించి చెప్పను, మీరు భోంచేసి చదువుతూ ఉండొచ్చు. ఒక మూట విప్పాను. నలిగిన దుప్పట్లు, మరకల దుప్పట్లు, ఉండాల్సినవే ఉన్నాయి. వాటి అడుగున చెయ్యి పెడితే ఏదో దళసరిగా తగిలింది. లాగాను. నాలుగు మడతలూ అంచుకి అంచు కలిపిన దుప్పటి వచ్చింది. దాని కింద ఇంకోటి, ఇంకోటి. ఎవరూ పడుకోలేదు వాటి మీద. విప్పను కూడా విప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిపోయిన వాసన కొట్టింది. తడి ఆరకుండా మడతపెట్టిన బట్ట వాసన అది.

ఆ మడత నాదే. మా హాల్లో పిల్లలకి నేను నేర్పిన మడత.

అలా ఆ కుప్ప ముందే కూలబడిపోయాను. ఆసుపత్రివాళ్లు వాసనొస్తోందని తిప్పి పంపిన దుప్పట్లని మేం మురికి బట్టల్లో కలిపేసి మళ్లీ ఉతుకుతున్నాం. మళ్లీ ఉతకడంతో బరువు పెరిగింది, బరువుతో నేల పగిలింది, నేల పగిలిందని డ్రమ్ము మధ్యలో ఆగింది, ఆగిందని దుప్పట్లు తడిగా వచ్చాయి, తడిగా వచ్చాయని మళ్లీ తిరిగొచ్చాయి. కథ మొదటికే వచ్చింది. ఇంతమందిమి నడుములు విరిగేలా ఏడాదంతా చేసిన చాకిరీలో ఎంతో కొంత ఉత్తినే, ఉతికినవే ఉతుక్కుంటూ గడిపాం. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు కూడా వచ్చింది.

తిరిగొచ్చిన బట్టని విడిగా ఉంచి మాకు చూపించాలి, అది పద్ధతి. ఎవరు కలిపేస్తున్నారని వ్యాను డ్రైవర్ని నిలదీశాను. అతను ముందు ఎటో చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు. చివరికి, "నన్నెందుకమ్మా అడుగుతారు, మీ ఇంట్లోనే అడగండి," అన్నాడు.

మా మరిదేనేమో అనుకున్నాను. కాదన్నాడు డ్రైవరు. కుడిచేతిని రెండో చేత్తో పట్టుకుని, కట్టులా చూపించాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. అత్తగారు కునుకు తీస్తోంది. మా తోడికోడలు పెరటి మెట్టు మీద కూర్చుని ఎడమచేత్తో తల దువ్వుకోవడానికి తంటాలు పడుతోంది. నేను వెనక కూర్చుని దువ్వెన లాక్కున్నాను. అది ఇవ్వననలేదు. కాసేపు చిక్కులు తీశాను. తర్వాత తిరిగొచ్చిన దుప్పట్ల సంగతి నాకు తెలిసిందని మెల్లగా చెప్పాను.

దాని భుజాలు బిగుసుకున్నాయి. తల మాత్రం తిప్పలేదు. తర్వాత అదే చెప్పుకొచ్చింది. మొదటిసారి వాసన వస్తోందని దుప్పట్లు తిరిగొచ్చినప్పుడు, మడతల బల్ల దగ్గరుండే ముసలమ్మని గీత మీద నిలబెట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ నిలబడింది, అనాల్సింది అంది, అటు తర్వాత రెండు రోజులు ఎవరి మొహమూ చూడకుండా పనిచేసింది. రెండోసారి తిరిగొచ్చినప్పుడు వ్యాను దగ్గర ఇది ఒక్కతే ఉంది. మళ్లీ ఆ ముసలావిడే నిలబడాలా అనిపించిందట. డ్రైవర్ని బతిమాలి మూటలో కలిపేయించింది. ఒక్కసారికే అనుకుందట. ఆ తర్వాత అది అలవాటైపోయింది.

"ఎవరికీ నష్టం లేదనుకున్నాను అక్కా," అంది. "ఇంకోసారి ఉతికితే పోయేదేముంది అనుకున్నాను."

పోయిందేమిటో దాని ఒళ్లోనే ఉంది. నేను ఆ మాట అనలేదు. కానీ మిగతాది దాచలేకపోయాను. మా మరిది చెప్పొద్దన్నదే చెప్పేశాను. బరువు గురించి, నేల గురించి, డ్రమ్ము గురించి. చెప్పేటప్పుడు నా చేతులు జడ అల్లుతూనే ఉన్నాయి. అది వింటూ వింటూ ఒక్కసారిగా ఇటు తిరిగింది, సగం అల్లిన జడ నా చేతిలోంచి జారిపోయింది. అప్పుడు చూశాను దాని మొహం. చెయ్యి కాలిన రోజు కూడా అలా లేదు.

"అయితే ఆయన కూడా ఇందులో ఉన్నారా?"

ఉన్నాడన్నాను. అతను ఆపకపోతే డ్రమ్ము ఎవరి మీదో పడేదని, అతని తప్పు లేదని, దాని తప్పూ లేదని చెప్పాను. ముసలావిడ మీద జాలి, మనుషుల ప్రాణాల మీద భయం, మంచి బుద్ధితో చేసినవే అన్నీ. గీత మీద నిలబడాలన్న భయంతో ఎవరికి వారు దాచుకోవడం వల్లే ఇంత దాకా వచ్చింది. రేపు మీటింగులో ఉన్నదున్నట్టు చెబుతాను, నేల బాగుచేసేదాకా డ్రమ్ము ఆపమంటాను అన్నాను.

"చెబితే వాళ్లకి నేల కనపడదక్కా. ఆయన పేరు కనపడుతుంది. గీత కాచేది పొరపాటునే, ఏడాదిగా తెలిసీ డ్రమ్ము మధ్యలో ఆపాడని ఇంటికి పంపేస్తారు. నా చెయ్యి ఇలా ఉంది. పిల్లలకి ఏం పెట్టను?"

"నువ్వు నిలబడి తప్పు నాదే అంటే, ఆ రోలర్ దగ్గరికి రేపు ఇంకొకత్తె వస్తుంది. పీలిక అలాగే ఉంటుంది, దుప్పట్లు అలాగే వస్తాయి. దాని చెయ్యీ కాలుతుంది."

"ఎవరిదో తెలియని చెయ్యి కోసం తెలిసిన కడుపులు మాడ్చమంటావా?"

దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు ఉత్తరం రాయండి. జడ మొదటినుంచీ మళ్లీ అల్లాను.  అది ఏడుస్తోందని వీపు చెబుతోంది.

సోమవారం పొద్దున్న అందరం గేటు లోపల గుమిగూడాం. మేనేజరు కప్పుతో వచ్చాడు. నా వైపు చూశాడు. దారంతా ఏం చెప్పాలో మననం చేసుకుంటూనే వచ్చాను. మా మరిది వెనక వరసలో తల దించుకుని ఉన్నాడు. నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉంది, మా తోడికోడలు నన్ను దాటుకుని వెళ్లి గీత మీద నిలబడింది.

"తప్పు నాదే. ఏమరుపాటుగా ఉన్నాను," అంది. ఎవరి వైపూ చూడలేదు.

అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మేనేజరు అయితే కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు కూడా. ఆమెని మడతల బల్లకి మారుస్తున్నామని, ఉద్యోగానికి ఢోకా లేదని చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ పిల్ల అంత పని చేశాక దాన్ని అబద్ధాలకోరుని చేసి నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు.  ఇంటికెళ్లి పడుకుందామా అనిపించింది.

అప్పుడు మేనేజరు, మరి ఇవాళ్టి నుంచి రోలర్ కుడి కొసకి ఎవరు వెళతారని అడిగాడు. ఎవరూ కదల్లేదు. ఆడవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. ఒకావిడ కొత్తగా చేరిన పిల్ల వైపు చూసింది, ఆమె వెంట ఇంకొకామె, ఆ వెంట అందరూ. ఆ పిల్ల పెళ్లై ఆరు నెలలైనా కాలేదు, చేతికి ఇంకా కొత్త గాజులే ఉన్నాయి. సరేనన్నట్టు తలూపడానికి సిద్ధమవుతోంది.

నేను వెళతానన్నాను. మీరు సూపర్వైజరు కదా అన్నాడు మేనేజరు. ఇవాళ్టికి కాదులెండి అన్నాను.

రోలర్ కాగి ఉంది. గుడ్డపీలిక దాని ముడితో, ఎప్పట్లాగే, కడ్డీ మీద ఉంది. ఎన్నోసార్లు విప్పాను కాబట్టి, విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని ఈసారి విప్పలేదు. మడతల బల్ల మీది కత్తెర తెచ్చి కోసేశాను. ముక్కలు రోలర్ మీద పడితే మాడిపోతాయని ఏరి జాకెట్లో దోపుకున్నాను. ఎడమ కొస పట్టుకున్నావిడ నా మొహం చూసి దుప్పటి కొస అందుకుంది.

మొదటి దుప్పటి అందించాం. నీళ్లోడుతోంది. ముద్దగా వెళ్లి కడ్డీకి తగిలింది. మిషను ఆగిపోయింది. బటన్ నొక్కాను, తిరిగింది. రెండోది అందించాం, ఆగిపోయింది. వెనక ట్రాలీల్లో తడి దుప్పట్లు పేరుకుపోతున్నాయి, మడతల బల్ల దగ్గర చేతులు ఖాళీగా ఉన్నాయి. మూడోసారి ఆగినప్పుడు నేను బటన్ నొక్కలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. రోలర్ వేడికి మొహం మండుతున్నా కదల్లేదు. ఎవరో వచ్చి కొత్త పీలిక చింపబోయారు. నేను చూసిన చూపుకి వెనక్కి తగ్గారు.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ హాల్లో పనివేళలో మనుషుల ఊపిరి వినపడటం నేనెప్పుడూ ఎరగను.

మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కప్పు ఎక్కడో వదిలేశాడు. మిషనుని చూశాడు, కడ్డీని చూశాడు, పైన ఇంకా వేలాడుతున్న పీలిక కొసని చూశాడు. పీలిక కోసిందెవరని అడుగుతాడనుకుని గీత మీదికి నడవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన ఆ తడి దుప్పటి మీద అరచెయ్యి పెట్టాడు. తీసి చూసుకున్నాడు. చేతి నిండా నీళ్లు.

"ఇది ఇంత తడిగా ఎందుకుంది?" అని అడిగాడు.

ఎందుకని అడిగాడు. ఇన్నేళ్లలో ఎవరని తప్ప ఎందుకని అడగగా వినలేదు నేను. జవాబు నా నాలుక చివరే ఉంది. కానీ చెప్పాల్సింది నేను కాదు. రెండు హాళ్ల మధ్య గుమ్మంలో మా మరిది నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో ఏమో, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. అతని వెనక మా తోడికోడలు. మడతల బల్ల వదిలేసి వచ్చి ఎడమచేత్తో అతని చొక్కా వీపు దగ్గర గట్టిగా పట్టుకుంది, నా వైపు చూస్తూ వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

మా మరిది వెనక్కి తిరగలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడిపించాడు. తర్వాత మేనేజరు వైపు నడిచాడు.